ఆపరేషన్ లెక్క, మనిషి లెక్క

(మరిపెడలో జరిగిన సంఘ వార్షిక సమావేశంలో చదివిన ప్రసంగ పాఠం)



కుటుంబ నియంత్రణ గురించీ, నలుగురిలో చెప్పుకోలేని రోగాల వైద్యం గురించీ ఈ సభలో మాట్లాడతామని మేము చెప్పినప్పుడు, "ఇది సభలో మాట్లాడే ముచ్చటేనా?" అని కొందరు పెద్దలు అడిగారు. వారి సంకోచాన్ని మేము తప్పు పట్టం. కాని ఈ ముచ్చట మన మధ్య లేదా అంటే, వుంది. మరిపెడ బంగ్లా సెంటర్లో మందుల దుకాణం ముందు వుంది. దావత్‌లలో ఆడవాళ్ళు ఒక పక్కకు చేరినప్పుడు వుంది. ఆర్.ఎం.పి. డాక్టరు ఇంటి అరుగు మీద వుంది. గుసగుసగా నడుస్తున్నది గనుక అందులో సగం అబద్ధం కలిసిపోయి వుంది. అదేదో గొంతు విప్పి మాట్లాడుకుంటే అబద్ధమన్నా తగ్గుతుందని మా ఆశ.

ధర్మసందేహాల జోలికి మేము పోము. దానికి ఉలమాలు వున్నారు. ఒక్క మాట మాత్రం చెప్పాలి. గర్భం రాకుండా జాగ్రత్తపడే 'అజ్ల్' అనే పద్ధతి ప్రస్తావన హదీసుల్లో వుంది; ఇమామ్ గజాలీ తన 'ఇహ్యా' గ్రంథంలో దాన్ని చర్చించారు. భార్యాభర్తలిద్దరి సమ్మతితో, ఆరోగ్యం కోసం, కాన్పుకీ కాన్పుకీ ఎడం కోసం తాత్కాలికమైన పద్ధతులు వాడవచ్చునని చాలామంది పండితులు అన్నారు. శాశ్వతంగా సంతానం ఆపే ఆపరేషన్ దగ్గరికి వచ్చేసరికి అభ్యంతరాలు ఎక్కువ. ఇది మతవిషయంగా గాక, ఆస్పత్రి నిర్వహణ విషయంగా ఆలోచించండి. ఆపరేషన్ ఒక్కటే చూపించే ఆస్పత్రి, ఆ సందేహం మనసులో వున్నవాళ్ళను గుమ్మంలోంచే వెనక్కి పంపినట్టు. ఆ తర్వాత "వీళ్ళు రారు, వినరు" అని రాసుకుంటే ఎట్లా?

మన దేశం 1952లోనే ప్రభుత్వపరంగా కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. ప్రపంచంలో అట్లా మొదలుపెట్టిన మొదటి దేశం మనదే. ఎర్ర త్రికోణం గుర్తు గోడల మీద చూసిన పెద్దలు ఈ సభలో వున్నారు. 1968లో 'నిరోధ్' వచ్చింది. దాన్ని ఊరూరికీ చేర్చడానికి ప్రభుత్వం చాయపత్తి, సబ్బులు, సిగరెట్లు అమ్మే కంపెనీల సాయం తీసుకున్నది. మూడు కలిపి పదిహేను పైసలు. ఇది మంచి ఆలోచన అని మేము ఇప్పటికీ అంటాం. చాయపత్తి చేరిన చోటికల్లా ఆ సరుకూ చేరింది. కొనేవాడి పేరు ఎవరూ రాసుకోలేదు.

తర్వాత లెక్కల కాలం వచ్చింది. 1971లో కేరళలోని ఎర్నాకుళంలో ఒక్క నెల క్యాంపులో దాదాపు 63 వేలమంది మగవాళ్ళకు వేసెక్టమీలు చేశారు. దేశమంతా దాన్ని గొప్పగా చెప్పుకున్నది. ఆ దారిలోనే పోయి పోయి ఎమర్జెన్సీలో 1976-77 ఒక్క సంవత్సరంలో దేశంలో 80 లక్షలు దాటి ఆపరేషన్లు జరిగాయి. టీచర్లకు కోటా, పోలీసులకు కోటా, రెవెన్యూ వాళ్ళకు కోటా. 1976 నవంబరులో హర్యానాలోని ఉట్టావర్ అనే ముస్లిముల ఊరిని పోలీసులు రాత్రివేళ చుట్టుముట్టి మగవాళ్ళను పట్టుకుపోయారు. అదే ఏడాది ఢిల్లీ తుర్క్‌మన్ గేట్ దగ్గర ఏం జరిగిందో మీకు తెలుసు. 1977లో ప్రభుత్వం మారింది, శాఖ పేరు గూడా 'కుటుంబ సంక్షేమం' అని మార్చారు. పేరు మార్చినంత తొందరగా భయం మారదు. ఉట్టావర్ ఎక్కడ, మరిపెడ ఎక్కడ! అయినా మన ఇళ్ళల్లో నాయనమ్మలు సూదిమందు అంటేనే "ఏం మందో ఏమో బేటా" అనడం వెనక ఆ కాలపు మాట ఒకటి వుంది.

ఇంకొక ఫలితం గూడా వుంది, దాని గురించి అంతగా మాట్లాడుకోరు. మగవాళ్ళ మీద బలవంతం జరిగింది గనుక ప్రభుత్వాలు మగవాళ్ళను వదిలేశాయి. భారం మొత్తం ఆడమనిషి మీదికి జరిగింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి 62 మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవారే. దేశం మొత్తం మీద అది 38. మన దగ్గర మిగిలిన పద్ధతులన్నీ కలిపినా నూటికి పదిమంది గూడా లేరు. అంటే మన అక్కచెల్లెళ్ళలో చాలామందికి కుటుంబ నియంత్రణ అంటే ఒకటే అర్థం: తొందరగా పెళ్ళి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, పాతికేళ్ళు నిండకముందే ఆపరేషన్. మధ్యలో ఏమీ లేదు. పద్దెనిమిదేళ్ళు నిండకుండా పెళ్ళి చేయడం అదే సర్వే నాటికి గూడా మన రాష్ట్రంలో నూటికి 23 మంది విషయంలో జరిగింది. ఇరవై ఏళ్ళ పిల్ల ఇద్దరు బిడ్డల తల్లి అయినాక ఎడం గురించి చెప్పి లాభమేమిటి?

ఆపరేషన్ చెడ్డదని మేము అనడం లేదు. సరిగా చేస్తే అది భద్రమైనది, కావాలనుకున్నవారి హక్కు. సరిగా చేయడం ఎక్కడ తప్పుతుందో చూడాలి. 2022 ఆగస్టు 25న మన రాష్ట్రంలోనే, రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వాస్పత్రిలో ఒకే రోజు 34 మంది ఆడవాళ్ళకు లాప్రోస్కోపీ ఆపరేషన్లు చేశారు. రోజుల వ్యవధిలో నలుగురు చనిపోయారు. చిన్నపిల్లల తల్లులు. దానికి ముందు 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ దగ్గర ఒకే డాక్టరు కొద్ది గంటల్లో 83 మందికి చేశారు. 13 మంది పోయారు. 2016 సెప్టెంబరు 14న సుప్రీంకోర్టు దేవికా బిశ్వాస్ కేసులో తీర్పునిస్తూ, మూడేళ్ళలో ఈ క్యాంపుల పద్ధతి మానేయాలని చెప్పింది. మన నలుగురు పోయింది ఆ గడువు దాటిన తర్వాత.

ప్రభుత్వ నియమాల ప్రకారం ఒక డాక్టరు రోజుకు 30 లాప్రోస్కోపీ ఆపరేషన్లకు మించి చేయరాదు. ఎందుకు ఆ నిబంధన? ఒకరి తర్వాత ఒకరికి వాడే పనిముట్లను శుద్ధి చేయడానికి టైము కావాలి. ద్రావణంలో ఇన్ని నిమిషాలు నానాలని వుంటుంది. బయట వరండాలో ముప్పై నలభై మంది పడిగాపులు పడుతూ, చంటిపిల్లలు ఏడుస్తూ, "ఇంకెంత సేపు" అని ఒకళ్ళు కేకలేస్తూ వుంటే ఆ నిమిషాలే ముందు కోతపడతాయి. డాక్టరు దుర్మార్గుడు కానక్కరలేదు. ఆ పూట ఎన్ని అయినవి అన్నదే పైవాళ్ళు అడిగితే, ఎన్ని అయినవి అన్నదే జరుగుతుంది. ఎంత బాగా అయినవి, వారం తర్వాత ఎట్లా వున్నారు అని అడిగేవాడు వుంటే అది గూడా జరుగుతుంది. సేవల నిర్వహణ అనే పెద్ద మాటలో వున్న అసలు సంగతి ఇదేనని మా అభిప్రాయం.

ఇది ప్రభుత్వానికి తెలియక కాదు. 1994లో కైరోలో 179 దేశాలు కూర్చుని, జనాభా అంకెల కంటె మనిషి ఆరోగ్యం, ఇష్టం ముందు రావాలని ఒప్పుకున్నాయి. 1996 ఏప్రిల్ నుంచి మన దేశంలో పద్ధతులవారీ టార్గెట్లు రద్దు చేశారు. కాగితం మీద రద్దయినవి నోటిమాటగా చాలాకాలం బతికాయి.

బంగ్లాదేశ్‌లో మత్లబ్ అనే ప్రాంతం వుంది. పడవల మీద తిరిగే ఊళ్ళు, మనకంటె బీదవాళ్ళు, ఎక్కువమంది ముస్లిములు. 1975లో అక్కడ గర్భనిరోధక మాత్రలు, నిరోధ్‌లు ఇంటింటికీ పంచిపెట్టారు. మొదట్లో బాగా తీసుకున్నారు, కొన్నాళ్ళకే మానేశారు. ఎందుకు? మాత్ర వేసుకుంటే వాంతి వచ్చింది, తల తిరిగింది, నెలసరి తారుమారైంది. అడుగుదామంటే మనిషి లేదు. పంచిన వాళ్ళ పని పంచడంతో అయిపోయింది. 1977లో పద్ధతి మార్చారు. అదే ఊళ్ళ కోడళ్ళను, చదువుకున్నవాళ్ళను ఎంచి తర్ఫీదు ఇచ్చి, పదిహేను రోజులకొకసారి ప్రతి ఇంటికీ వెళ్ళమన్నారు. ఒక పద్ధతి కాదు, మాత్ర, సూదిమందు, కాపర్-టి, నిరోధ్, ఆపరేషన్ అన్నీ చెప్పమన్నారు. సరిపడకపోతే మార్చమన్నారు. పిల్లల టీకాలు, కాన్పుల సంగతి గూడా వాళ్ళే చూశారు. ఆ ఊళ్ళల్లో వాడకం పెరిగి నిలబడింది, పక్క ఊళ్ళ కంటె కాన్పులు తగ్గాయి. మనుషులు వాళ్ళే, మతం గూడా అదే! మారింది మందుల రకాలు, మళ్ళీ వచ్చి పలకరించే మనిషి వుండడం.

మన దగ్గర ఆ పలకరించే మనిషి లేకపోలేదు. ఆశా కార్యకర్త వుంది, ఏ.ఎన్.ఎం. వుంది. ఒక్కొక్కరి నెత్తిన ఎన్ని రిజిస్టర్లు వున్నాయో చూస్తే జాలి వేస్తుంది. మందులు గూడా వున్నాయి. 2017 నుంచి 'అంతర' అనే సూదిమందు, 'ఛాయ' అనే మాత్ర ప్రభుత్వాస్పత్రుల్లో ఉచితంగా ఇవ్వడం మొదలైంది. అంతర మూడు నెలలకొకసారి. దానివల్ల నెలసరి క్రమం తప్పవచ్చు, కొన్నాళ్ళకు ఆగిపోవచ్చు. అది ప్రమాదం కాదు. మానేసిన తర్వాత గర్భం నిలవడానికి కొన్ని నెలలు ఆలస్యం కావచ్చు. ఛాయలో హార్మోను లేదు. లక్నోలోని మన దేశపు పరిశోధనాలయంలోనే కనిపెట్టిన మందు. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికి ఒకసారి. కాపర్-టిలో పదేళ్ళది వుంది, అయిదేళ్ళది వుంది; ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయించుకోవచ్చు.

ఈ నాలుగు ముక్కలు ముందే చెప్పిన చోట ఆడవాళ్ళు నిలబడుతున్నారు, చెప్పని చోట జారిపోతున్నారు. మా ఎరుకలోని ఒక కోడలు పిల్ల అంతర వేయించుకున్నది. రెండో నెల నెలసరి రాలేదు. గర్భమేమోనని ఇంట్లో గోల. అత్తగారు "చెడ్డ రక్తమంతా లోపలే వుండిపోతది" అన్నది. సూది ఇచ్చిన చోట ఆ పిల్లకు ఈ సంగతి ఒక్క వాక్యం చెప్పి వుంటే ఆ గోల లేదు. ఆమె మళ్ళీ పోలేదు. అంతర విషయంలో ఒకటో డోసు, రెండో డోసు, మూడో డోసు వేరువేరుగా రాసే పద్ధతి ప్రభుత్వం పెట్టింది. చాలా మంచి పద్ధతి. ఒకటో గడిలో పదిమంది వుండి రెండో గడిలో ముగ్గురే వుంటే, ఆ ఏడుగురి ఇళ్ళకు ఎవరు పోతారన్నదే మిగిలింది.

ఇక తల్లులారా, ఇప్పుడు చెప్పబోయేది మీ కోసం.

తెల్లబట్ట అవుతుంది, నడుము నొప్పి, పొత్తికడుపు నొప్పి. ఇది చెప్పుకోవడానికి సిగ్గు. ముందు పసరు, తర్వాత ఆర్.ఎం.పి. సూది, తర్వాత పట్నంలో స్కానింగు. అక్కడ "సంచికి పుండయింది, వుంచితే క్యాన్సర్ అయితది, పిల్లలు చాలు గదా, తీసేస్తే పీడ పోతది" అంటారు. ముప్పై ఏళ్ళు నిండని మనిషికి గర్భసంచి తీసేస్తారు. ఇది మా ఊహ కాదు. 2015-16 సర్వేలో దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవారు నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది, తెలంగాణలో దాదాపు 8 మంది. దేశంలో మొదటి రెండు స్థానాలూ మన తెలుగు రాష్ట్రాలవే. గర్భసంచితో పాటు అండాశయాలు గూడా తీసేస్తే నెలసరి ఆగిన ముసలితనం ముప్పైల్లోనే వస్తుంది: ఒంట్లో వేడి ఆవిర్లు, ఎముకల బలహీనత. మిరప తోటలో వంగి పని చేసే మనిషికి అది ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. అప్పు వేరే.

తెల్లబట్టలో చాలావాటికి మందు ఒక చిన్న పొట్లంలో వుంది. ప్రభుత్వాస్పత్రుల్లో సుఖవ్యాధుల వైద్యానికి 'సురక్ష' అనే పేరుతో క్లినిక్‌లు పెట్టారు. లక్షణాన్ని బట్టి రంగురంగుల పొట్లాలు: బూడిదరంగు, ఆకుపచ్చ, తెలుపు, నీలం, ఎరుపు, పసుపు, నలుపు. ఆకుపచ్చది తెల్లబట్టకు. పసుపుది పొత్తికడుపు నొప్పికి. అవసరమైనప్పుడు భర్తకు గూడా మందు వుంటుంది. ఇక్కడే చిక్కు. భార్య మందు వాడుతుంది, భర్త వాడడు. నెల తిరగకుండా జబ్బు మళ్ళీ వస్తుంది. "మందు పనిచెయ్యలే, సంచి తీయించు" అంటారు. భర్త మింగవలసిన మాత్రకు బదులు భార్య గర్భసంచి పోతున్నదన్నమాట! ఎవరైనా సంచి తీయాలంటే మీరు ఒకటే అడగండి: ఏ జబ్బు, ఏ పరీక్షలో తేలింది, మందుతో పోదా? రెండో డాక్టరుకు చూపించకుండా ఒప్పుకోవద్దు. మహబూబాబాద్‌లో, వరంగల్‌లో, ఖమ్మంలో ప్రభుత్వాస్పత్రులు వున్నాయి. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుకు టికెట్ గూడా లేదు. పోయేది ఒకనాటి కూలి. అది తక్కువని మేము అనం గాని, గర్భసంచి కంటె తక్కువే.

మగవాళ్ళకు ఒక మాట. మనలో లారీల మీద తిరిగేవాళ్ళున్నారు, గల్ఫ్‌కు పోయి రెండేళ్ళకొకసారి వచ్చేవాళ్ళున్నారు. నెల రోజుల సెలవులో వచ్చే భర్త వున్న ఇంటికి సరిపడే పద్ధతి వేరు, రోజూ ఇంట్లో వుండే భర్త వున్న ఇంటికి సరిపడేది వేరు. ఇద్దరూ కలిసి పోయి అడిగితేనే అది తేలుతుంది. హెచ్.ఐ.వి. పరీక్ష ఉచితం, 2017 చట్టం ప్రకారం సంగతి బయటపెట్టకూడదు. గర్భిణికి ఆ పరీక్ష, సిఫిలిస్ పరీక్ష చేస్తారు. తేలినా మందులతో బిడ్డకు రాకుండా చాలావరకు కాపాడవచ్చు. భార్యకు పరీక్ష చేసినప్పుడు భర్తను పిలిస్తే మొహం చాటేయడం మంచిది కాదు. కోత లేని వేసెక్టమీ ఆడవాళ్ళ ఆపరేషన్ కంటె చాలా చిన్నది. బలం పోతుంది, మగతనం పోతుంది అనేది అబద్ధం. అయితే చేయించుకున్న మూడు నెలల వరకు వేరే జాగ్రత్త తీసుకోవాలి, తర్వాత వీర్యపరీక్ష చేయించుకోవాలి. ఇది చెప్పకపోవడం వల్ల ఆ మూడు నెలల్లో గర్భం వచ్చి భార్యను అనుమానించిన సంసారాలు వుంటాయి. ఒక వాక్యం చెప్పకపోతే ఎంత దాకా పోతుందో చూడండి.

జనాభా సంగతి రాగానే మనవైపు వేలు చూపించేవాళ్ళు వుంటారు గనుక అంకె ఒకటి గుర్తు పెట్టుకోండి. దేశంలో ముస్లిం స్త్రీకి సగటున పిల్లలు 1992-93 సర్వేలో 4.4, 2019-21 నాటికి 2.4. అదే సర్వేలో బీహార్‌లో అన్ని మతాలవారి సగటు 3. చదువూ, ఆస్పత్రీ వున్న చోట తగ్గింది, లేని చోట తగ్గలేదు. వాదించడానికి కాదు, పిల్లలు ఎవరైనా అడిగితే నెమ్మదిగా చెప్పడానికి.

ప్రభుత్వాల గాలి గూడా తిరుగుతూ వుంటుంది. ఇరాన్ 1989లో కుటుంబ నియంత్రణను గట్టిగా చేపట్టింది. నిఖాకు ముందు వధూవరులు పాఠం వినాలన్నారు, ఊరి ఆరోగ్య గృహాల్లో అన్నీ ఉచితంగా ఇచ్చారు. పదిహేనేళ్ళు తిరగకుండా సగటు ఆరు నుంచి రెండుకు దిగింది. 2012లో జనాభా తగ్గుతున్నదని ఆ సేవలే ఆపేశారు. మన పక్కన ఆంధ్రప్రదేశ్ చూడండి. ఇద్దరి కంటె ఎక్కువ పిల్లలున్నవారు పంచాయతీ ఎన్నికల్లో నిలబడరాదని ఉమ్మడి రాష్ట్రంలో 1994 చట్టం. ఆ నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో తీసేసింది, ఇప్పుడు ఎక్కువమంది పిల్లల్ని కనమని అక్కడి ప్రభుత్వమే అంటున్నది. తగ్గించమన్నప్పుడూ, పెంచమన్నప్పుడూ కనేది ఆ ఆడమనిషే. ఆమెకు ఎడం కావాలా వద్దా అనేది ప్రభుత్వపు అవసరాన్ని బట్టి మారేది కాదు. అందుకే ఈ సేవలు గాలి ఎటు తిరిగినా వుండాలని మనం అడగాలి.

సంఘం తరఫున మేము పెట్టుకున్న పని చిన్నది. ఆస్పత్రికి పోవడానికి జంకే అక్కచెల్లెళ్ళ వెంట ఒక ఆడమనిషి తోడు పోవడం. మతం, కులం చూసేది లేదు. తండాల నుంచి వచ్చే లంబాడీ చెల్లెళ్ళు గూడా మన వాళ్ళే. ఆపరేషన్‌కు పోయేవారి వయసు, చిన్నబిడ్డ వయసు, రక్తం తక్కువున్నదా లేదా అన్నది ముందే అడిగి చూడడం. సంతకం పెట్టే కాగితాన్ని తెలుగులోనో ఉర్దూలోనో చదివి చెప్పడం. అదే రోజు బస్సెక్కించకుండా చూడడం. వారం లోపల జ్వరం గాని, కడుపుబ్బరం గాని వస్తే ఆలస్యం చేయక తీసుకుపోవడం. ఆపరేషన్ వికటించినా, విఫలమైనా ప్రభుత్వ పరిహారం వుంది. దానికి ఆస్పత్రి కాగితాలు కావాలి. కాపర్-టి కార్డు, అంతర కార్డు రేషన్ కార్డు పక్కన పెట్టుకోండి. పిల్లలు పడవలు చేసుకునే కాగితాల్లో వేయకండి.

దీనికి ఒక నోటుపుస్తకం కుట్టించాం. అందులో ఎన్ని ఆపరేషన్లు అనే గడి లేదు. ఎవరితో పోయాం, ఏం చెప్పారు, మళ్ళీ కలిసిన తేదీ అనే గడులు వున్నాయి. పేర్ల బదులు నెంబర్లే వుంటాయి, పుస్తకం తాళంలో వుంటుంది. రాసే పనికి చదువుకున్న ఆడపిల్లలు ఇద్దరు కావాలి. ఉర్దూ, తెలుగు, లంబాడీ మూడూ వచ్చిన పిల్ల దొరికితే మరీ మంచిది. సభ అయినాక పరదా పక్కన మా మనిషి కూర్చుని వుంటుంది, అక్కడ చెప్పండి.